పకారం తీసి హకారం పెట్టిన రోజు

ఆ రోజుల్లో చరిత్ర అంటే ఢిల్లీలోనో పానిపట్టులోనో జరిగే వ్యవహారమని, మనం చేయాల్సిందల్లా ఆ తారీకులు బట్టీ పట్టి పిల్లలచేత పట్టించడమేనని నాకు గట్టి నమ్మకం. చరిత్ర నడుచుకుంటూ రాయచూరు పక్కనున్న యరగేర దాకా వస్తుందని, వచ్చి నన్ను మాట్లాడమంటుందని కలలో కూడా అనుకోలేదు. ఇప్పుడు పేపర్లో ఒక మూల 'చరిత్రలో ఈ రోజు' అని వేస్తుంటారు కదా, పొద్దున్నే టీ తాగుతూ మొదట అదే చూస్తాను. నవంబరు ఒకటో తారీకు వచ్చేసరికి మాత్రం గ్లాసు కింద పెట్టేస్తాను. యాభై ఆరులో ఆ రోజున హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలై తలా ఒక దిక్కు పోయిందని, ఆంధ్రప్రదేశ్ పుట్టిందని, మైసూరు పెద్దదైందని, కేరళ ఏర్పడిందని, మళ్ళీ డెబ్బై మూడులో అదే తారీకున మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిందని వరసగా ఉంటుంది. అన్నీ నిజమే. ఒక్క తారీకు ఇన్ని బరువులు ఎలా మోసిందా అని ఆశ్చర్యం కూడా వేస్తుంది. ఆ పొద్దు యరగేర బడి ముందు ఏం జరిగిందో మాత్రం ఏ పేపరూ వేయలేదు. (వేయకపోవడమే మంచిదైంది.)

నాకప్పుడు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. గద్వాల దిక్కు ఒక పల్లెలో పుట్టి, ఉర్దూలో చదువుకుని, యరగేర బడికి మాస్టరుగా వచ్చాను. ఆ ఎండాకాలంలోనే ఆ ఊళ్ళోనే ఒక చిన్న రైతు ఇంటికి అల్లుణ్ణయ్యాను. మా మామకు కొంచెం నల్లరేగడి, ఒక జత ఎద్దులు, ఏనాటికైనా తుంగభద్ర కాలువ తన చేను దాకా వస్తుందన్న ఆశ ఉండేవి. వాళ్ళ అమ్మాయి ఇంట్లో తెలుగు, పక్కింటి స్నేహితురాళ్ళతో కన్నడం, గాజులమ్మే బీబీతో ఉర్దూ మాట్లాడేది. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి వెళ్ళినట్టు ఆమెకు తెలిసేదే కాదు. నేనేమో మాస్టర్ని, తెలుగూ ఉర్దూ తప్ప మూడోది వినగానే చెవులు మూసుకుపోయేవి. మా ఊరికీ యరగేరకూ మధ్య జొన్నచేలు తప్ప ఏమీ లేవు. ఆ జొన్నచేలలోంచే ఇప్పుడు రాష్ట్రాల సరిహద్దు గీత పోతుందని, మా ఊరు ఆంధ్రప్రదేశ్‌లోకి, యరగేర మైసూరులోకి వెళతాయని తెలిసింది.

గీత పోతే పోయింది, దాని వెనకాలే ఒక పుకారు వచ్చింది. కన్నడం రాని మాస్టర్లందర్నీ ఆంధ్ర వైపు తోసేస్తారట. ఆంధ్ర అంటే గద్వాల కాదు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికట. ఒకాయన శ్రీకాకుళం దాకా అన్నాడు. ఆ మాట మా మామ చెవిన పడింది.

"శ్రీకాకుళమంట! యాడుంది అల్లుడా అది?" అన్నాడు ఎద్దులకు మేత వేస్తూ.

"సముద్రం దగ్గర," అన్నాను.

"సముద్రమా!" అని మేత అక్కడే పడేశాడు. "పొద్దున బండి కడితె పొద్దుగూకె వరకు చేరె ఊరని బిడ్డనిచ్చిన. సముద్రం కాడికి నేను తోలను. నువ్వు పోతె పో. బిడ్డ మా ఇంట్లనే ఉంటది."

లోపల్నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "యాడికి పోతరు నాయినా? కన్నడ నేర్చుకుంటె అయిపాయె. గింతదానికి లొల్లి ఏంది?"

ఆమెకు అది 'గింత'. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు.

మా హెడ్మాస్టరు కన్నడాయన. సన్నగా, పొడుగ్గా, మెడ దాకా గుండీలు పెట్టిన కోటులో ఉండేవాడు. ఆయన చేతిలో ఎప్పుడూ నల్ల గొడుగు ఉండేది కాబట్టి ఊరంతా గొడుగు సారు అనేవారు. ఆ గొడుగు కింద ఆయన నడవడం నేను తక్కువగా చూశాను. మధ్యాహ్నం ఎండలో ఇళ్ళకు వెళ్ళే చిన్నపిల్లల మీద పట్టి, తాను బట్టతలతో ఎండలో నడిచేవాడు. ఏ పిల్లవాణ్ణీ కొట్టగా చూడలేదు. నా ముఖం చూసే ఆయనకు సంగతి అర్థమైనట్టుంది, ఒక రోజు బడి వదిలాక పిలిచాడు.

"మాస్తరే, ఒకటో తారీకు పొద్దున జెండా ఎగరేస్తం. రాయచూరు నుంచి సాహేబరు వస్తరు. మీరు కన్నడల నాలుగు మాటలు మాట్లాడాలె."

"సార్, నాకు కన్నడం రాదే!"

"అందుకే మాట్లాడాలె. మీ నోట కన్నడ ఒక్కసారి సాహేబరి చెవిన పడితె చాలు. మిమ్మల్ని ఎవరు కదిలియ్యరు." ఆ మాట అని, నేను ఇంకేదో అనబోయేలోపల గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. ఉపకారం చేశాక దాని గురించి మాట్లాడ్డం ఆయనకు ఇష్టం ఉండేది కాదు.

అలా మా ఆవిడ నాకు పంతులమ్మ అయింది. పొయ్యి ముందు రొట్టెలు తడుతూ మాట చెప్పేది, నేను ఎదురుగా పీట మీద కూర్చుని అప్పజెప్పేవాణ్ణి. పాలను హాలు అంటారంది. పులి హులి, పువ్వు హూవు, పాము హావు, పొగ హొగె, ఆఖరికి పంది కూడా హంది! నా మాస్టరు బుర్ర చటుక్కున పట్టేసింది. "ఇంకేం, సూత్రం దొరికింది! తెలుగు మాటలో పకారం తీసి హకారం పెడితే కన్నడమే!" అన్నాను. ఒక దేశాన్ని గెలిచినంత సంతోషం. అప్పుడే పొయ్యి దగ్గరికి వచ్చిన పిల్లిని చూపించి, "హిల్లి!" అన్నాను.

ఆమె చేతిలో పిండి ముద్ద జారి కింద పడింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పిల్లి హిల్లి కాదు, బెక్కు. ఇగో, ఇనుండ్రి. అన్ని మాటలకు గట్ల నడువదు. నేను చెప్పిందే అనుండ్రి, మీ సొంతం ఏం కలపకుండ్రి," అంది. సరే అన్నాను. సరే అన్నానే గానీ సూత్రం కనిపెట్టినవాడికి సూత్రం మీద మమకారం ఎక్కడికి పోతుంది? ఆమె చెప్పిన ఉపన్యాసాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకుని, స్నానం చేస్తూ, బడికి నడుస్తూ, నిద్రలో కూడా చదివాను. అది 'స్నేహితరే' అని మొదలయ్యేది. మిత్రులారా అని అర్థం.

ఆ తారీకు రానే వచ్చింది. దానికి తోడు అదే రోజు నరకచతుర్దశి, నాకు అత్తగారింట్లో మొదటి దీపావళి. తెల్లవారక ముందే మా అత్త నన్ను పీట మీద కూర్చోబెట్టి, కొత్త అల్లుడన్న అభిమానం కొద్దీ గిన్నెడు నూనె తలకు పట్టించింది. ఎన్ని నీళ్ళు పోసుకున్నా ఆ నూనె వదల్లేదు. హారతి ఇచ్చి, తీపి మీద తీపి తినిపించి పంపారు. కొత్త రాష్ట్రానికి స్వాగతం చెప్పడానికి నేను కళ్ళు మూతలు పడుతూ, చెవుల పక్క నుంచి నూనె కారుతూ బయలుదేరాను.

బడి ముందు ఊరంతా ఉంది. ముందు వరసలో కుర్చీలు. మధ్యలో జిల్లా బడులన్నిటికీ అధికారి అయిన రాయచూరు సాహేబు, ఆయన పక్కన మీసాల గౌడ. గౌడ ఊరికి పెద్ద. తలకు తెల్ల రుమాలు, చెవుల దాకా మీసం. ఆయన దగ్గితే వీధి చివర ఆడుకునే పిల్లలు కూడా ఆగిపోయేవారు. గోడ పక్కన ఆడవాళ్ళలో మా ఆవిడ, చెట్టు కింద తువ్వాలు భుజాన వేసుకుని మా మామ. జెండా ఎగిరింది, పిల్లలు పాడారు, గొడుగు సారు నా వైపు చెయ్యి చూపించాడు.

నేను ముందుకు వెళ్ళి కాగితం విప్పాను. 'స్నేహితరే' అనబోతూ తలెత్తితే ఎదురుగా మీసాల గౌడ. తాత వయసు మనిషిని పట్టుకుని స్నేహితుడా అనడమేమిటి, మర్యాద కాదే అనిపించింది. పెద్దలారా అనాలి. పెద్దలను కన్నడంలో ఏమంటారో మా ఆవిడ చెప్పలేదు. చెప్పకపోతేనేం, నా దగ్గర సూత్రం లేదూ? పకారం తీసి హకారం పెట్టాను. మాన్య అంటే గౌరవనీయులైన అని తెలుసు కాబట్టి అదీ ముందు తగిలించాను. ఊరి చివరి దాకా వినబడేట్టు, "మాన్య హెద్దరే!" అన్నాను.

నేను అన్నది అది. భయంతో నాలుక మందమై, అందరికీ వినబడింది మాత్రం 'హెడ్డరే' అని. కన్నడంలో హెడ్డ అంటే మొద్దు. గౌరవనీయులైన మొద్దులారా అని రాయచూరు సాహేబునీ, మీసాల గౌడనీ, యరగేర పెద్దలందర్నీ ఒక్క మాటతో పలకరించాను.

చిన్నపిల్లల వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. గౌడ ముందుకు వంగి, మీసం కదలకుండా, "యారిగంది?" అని అడిగాడు. ఎవరిని అన్నావు అని. నాకు ఆ ప్రశ్న అర్థమైంది, జవాబు కూడా వచ్చు. అర్థమైనందుకు పొంగిపోయి, రెండు చేతులూ జోడించి, "తమగే! ఎల్లరిగూ!" అన్నాను. మిమ్మల్నే, అందర్నీ.

మా మామ తువ్వాలు ముఖం మీద కప్పుకున్నాడు. ఆడవాళ్ళ వైపు చూస్తే మా ఆవిడ గోడకు తిరిగి ఉంది, భుజాలు అదురుతున్నాయి. (ఏడుస్తోందని అనుకున్నాను. ఎంత అమాయకుణ్ణి!) ఏదో ఘోరం జరిగిందని అప్పుడు తెలిసింది. ఏం జరిగిందో తెలియదు. కాళ్ళ కింద నేల శ్రీకాకుళం వైపు జరిగిపోతున్నట్టు మాత్రం అనిపించింది.

అప్పుడు లేచాడు గొడుగు సారు. తొందర లేదు, గొంతు పెంచలేదు. కన్నడంలో ఆయన అన్న మాటలు తరవాత మా ఆవిడచేత ఎన్నోసార్లు చెప్పించుకున్నాను కాబట్టి ఇప్పటికీ గుర్తు. "మాస్తరు తప్పేం అనలేదు. నిన్నటి దాకా మనం ఉర్దూలో అర్జీలు పెట్టుకున్నాం. ఇవాళ నుంచి దఫ్తరు వేరు, భాష వేరు, రాజధాని వేరు. ఈ కొత్త బడిలో మనమంతా ఇంకా అక్షరాలు రాని మొద్దులమే. ఆ మాట అనే ధైర్యం నాకు లేకపోయింది, ఈ చిన్నవాడికి ఉంది. నేనైతే నా తరగతికి వెళ్ళి కూర్చుంటున్నాను." ఆ మాట అని, కోటు సర్దుకుని, గొడుగు పక్కన పెట్టి, ఒకటో తరగతి పిల్లల మధ్య నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒక చిన్నపిల్ల జరిగి చోటిచ్చింది.

రాయచూరు సాహేబు మొదట నవ్వాడు. నవ్వుతూనే కుర్చీ దిగి వెళ్ళి, ప్యాంటు మాసిపోతుందని కూడా చూడకుండా హెడ్మాస్టరు పక్కన కూర్చున్నాడు. గౌడ కుర్చీ దిగలేదు గానీ మీసం మొదట ఒక పక్క, తరవాత రెండో పక్క లేచి, ఆఖరికి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇక ఊరంతా నవ్వింది. గొడుగు సారు నేల మీద నుంచే, "రెండో వాక్యం నుంచి చదువుండ్రి మాస్తరే," అన్నాడు తెలుగులో. చదివాను. మా ఆవిడ నేర్పినట్టే, ఒక్క అక్షరం కలపకుండా చదివాను. చివర్లో చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో అప్పటికీ నాకు పూర్తిగా తెలియదు.

వెళ్ళేటప్పుడు సాహేబు, "ఈయన్ను ఇక్కడి నుంచి కదపకండి. గౌడరిని ముఖం మీద ఇంత మాట అన్న మనిషి మళ్ళీ దొరకడు," అని హెడ్మాస్టరుతో చెప్పాడట. మా మామయితే ఇంటికి వచ్చే దారి పొడుగునా ఎదురైనవాళ్ళందర్నీ ఆపాడు. "మా అల్లుడే! మా తాత కాలం నుంచి గౌడలను ఒక్కడు ఒక్క మాట అనలె. ఇంత నూనె తలకాయ పెట్టుకొని అనె!" నేను సిగ్గుతో చస్తుంటే ఆయన ఛాతీ విరుచుకుని నడిచాడు. శ్రీకాకుళం ఊసు ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

పండగ సెలవులయ్యాక ఆ సంగతికి గొడుగు సారుకు దండం పెట్టబోతే, ఆయన నా చేతిలో సుద్దముక్క పెట్టి, "మూడో తరగతి గోల చేస్తున్నది, పోండ్రి," అన్నాడు. అంతే. కొన్నాళ్ళకు ఆయనకు బదిలీ అయి ధార్వాడ వైపు వెళ్ళిపోయాడు. బస్సు ఎక్కించడానికి ఊరి పిల్లలంతా ఎండలో నిలబడితే, ఆయన ఎక్కడం మానేసి గొడుగు విప్పబోయాడు. కండక్టరు కేకలేస్తే గానీ ఎక్కలేదు. నేల మీద కూర్చుని ఒక మనిషిని నిలబెట్టడం ఎలాగో నేను చూసింది ఆయన దగ్గరే.

నేను ఆ జిల్లాలోనే ఉద్యోగం అంతా చేసి, కన్నడ బడికి హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. ఇప్పుడు నా కన్నడంలో తప్పు వెతికినా దొరకదు. ఏ సభలో మాట్లాడినా అందరూ నిశ్శబ్దంగా, మర్యాదగా వింటారు, ఎవరూ నవ్వరు. ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాక, చెవుల పక్క నూనె కారుతూ రెండు చేతులూ జోడించి నిలబడ్డ ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. వాడికి ఏమీ రాదు. అయినా ఊరంతటినీ ఒక్క మాటతో నవ్వించాడు. వాడి మీద నాకు కొంచెం అసూయ.