ఒక్కపొద్దుండి వచ్చిన మల్లయ్య

మలంలో రక్తం పడితే మొలలే అనుకుని ఊరుకునేవాళ్లు మా పాతబస్తీలో ఇంకా ఉన్నారు. అందుకే మల్లయ్య సంగతి రాసిపెడుతున్నాను. రాయమన్నది ఆయన భార్య యాదమ్మే.

అది 2023 ఎండాకాలం. బహదూర్‌పురా వైపు ఒక ఆస్పత్రిలో నేను ఎండోస్కోపీ గది నర్సును. ట్రైనింగ్‌లో నేర్చుకున్నదానికి రెండింతలు గ్రంథాలయంలో చదువుకున్నాను. ఆ మాట గర్వంగానే చెబుతాను. పెద్దపేగులో పాలిప్ అనే బుడిపె ఏళ్ల తరబడి పెరిగి క్యాన్సర్‌ కావచ్చు. కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో చూసే పరీక్షలో, అది కనిపిస్తే అప్పుడే తీసేయవచ్చు. కానీ పేగు శుభ్రంగా ఉండాలి.

మల్లయ్యకు పాల వ్యాపారం. నెలల తరబడి రక్తం పడుతుంటే ఒంట్లో వేడి అనుకున్నాడట. పరీక్షకు ముందురోజు తేట నీళ్లలాంటివే తాగాలని, పేగు కడిగే మందు వేసుకోవాలని ఓపీలో చెప్పారు. పరీక్షకు వచ్చినప్పుడు, ఏమైనా తిన్నావా అన్నా అని అడిగాను.

"ఏం తినలే సిస్టరమ్మా. శనివారం లెక్క ఒక్కపొద్దున్న. పాలు, అరటిపండ్లు, జరంత సగ్గుబియ్యం కిచిడి. గవి గూడ తిన్నట్టేనా?"

మందు తాగినా పేగు శుభ్రం కాలేదు, కెమెరాకు లోపల ఏమీ కనిపించలేదు. వచ్చే వారం మళ్లీ రమ్మన్నారు డాక్టరు సుజాత గారు. బర్రెలను ఎవరు చూస్తారని గొణుక్కుంటూ వెళ్లాడు. మళ్లీ రాలేదు. నేను ఫోన్ చేస్తే, రక్తం ఆగింది, ఫికర్ లేదన్నాడు.

దీపావళి తర్వాత పొట్ట ఉబ్బి, పేగు మూసుకుపోయి, స్ట్రెచర్ మీద వచ్చాడు. అత్యవసర ఆపరేషన్‌ చేసి పొట్టకు కోలోస్టమీ పెట్టారు. అంటే మలం సంచిలోకి వచ్చే దారి. పేగులోని క్యాన్సర్ గడ్డ అప్పటికే కాలేయానికి పాకింది. కీమో మొదలైంది. ఎవరూ వద్దనకపోయినా పాల క్యాన్లు ముట్టడం తనే మానేశాడు. "సంచి కట్టుకున్నోని చేతి పాలు ఎవలు తాగుతరమ్మా?" అన్నాడు. మరుసటి ఏడు పోయాడు.

తెలిసిన మాట చెప్పినా, వినేవాళ్ల ఇంట్లో దానికి ఇంకో అర్థం ఉండవచ్చని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ప్రతి ఒక్కరినీ మీ ఇంట్లో ఒక్కపొద్దు ఎట్లుంటారని ముందే అడుగుతాను. పాలు కూడా వద్దని చెబుతాను.

డాక్టరు సుజాత గారికి, సంచి మార్చడం ఓపికగా నేర్పిన రెహానాకు, పుస్తకాలు వెతికిపెట్టిన లైబ్రేరియన్ నరహరి గారికి కృతజ్ఞతలు. అన్నకు వచ్చింది కాబట్టి నీకూ పరీక్ష కావాలని చెప్పగానే ఒప్పుకున్న మల్లయ్య తమ్ముడు సత్తయ్యకు కూడా. అందరికంటే ఎక్కువ, దినాలు కాగానే అతన్ని వెంటబెట్టుకుని వచ్చిన యాదమ్మకు. సత్తయ్య పేగులో పాలిప్ దొరికింది, తీసేశామని చెప్పాను. 

"అయిపోయిందా? గింతేనా?" అని అడిగింది యాదమ్మ.