దుర్మార్గుడి వేషం వేసిన మా సైన్స్ సారు

మా ఊరి బడిలో సైన్స్ చెప్పిన సారు ఇక లేరు. గొర్రెలను దొడ్డిలోకి తోలుతుంటే మా బిడ్డ బడి నుంచి పరుగెత్తుకొచ్చింది. "నాయినా, సారు పాలమూరు దవాఖానల పోయిండట" అని నా గొంగడిలో ముఖం దాచుకుంది. గుండెలో నొప్పి అని పొద్దున వెళ్లిన మనిషి. పిల్లలతో ఫోనులో తీసిన సినిమాను తల్లిదండ్రులమైన మా అందరికీ చూపించాలని ఎంత ఆశపడ్డారో. చూపించకుండానే పోయారు.

నేను అయిదో తరగతి దాటనివాడిని, సినిమాల సంగతి నాకేం తెలుసు? కానీ ఈ సినిమా గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. కొత్తకోట అవతల మా ఊరి గుట్ట కింద కొత్త బోరు నీళ్లు తాగిన నలుగురు పదో తరగతి పిల్లలకు ఉన్నట్టుండి శక్తులు వస్తాయి. ఒకడు బండరాళ్లు ఎత్తుతాడు, ఒకడు గాలిలో తేలుతాడు, ఒక పిల్లకు ఆమడ దూరం మాటలు వినబడతాయి. నాలుగోది మా బిడ్డ, అది కూత వేస్తే ఎంతటివాడైనా ఉన్నచోటే ఆగిపోవాలి. లేక లేక ముసలితనంలో పుట్టిన బిడ్డ నాకు. నలుగురి ముందు నోరు విప్పదు. మందను మళ్లించేటప్పుడు అది వేసే కూత సారు ఒకనాడు దారిలో విన్నారట. "కాకా, నీ బిడ్డకు శక్తి మనం కొత్తగ ఇచ్చేదేమున్నది, ఉన్నదే గదా" అన్నారు. ఆ రోజంతా నా కాళ్లు భూమ్మీద ఆనలేదు.

శక్తి వచ్చిన పిల్లల భుజాల వెనక బట్ట ఏదో ఎగరాలట. మా ఇంట్లో ఉన్నవి గొంగళ్లే. ఎండలో వాటిని కప్పుకొని పిల్లలు చెమటతో తడిసిపోయారు, ఉన్ని గుచ్చుతోందని ఒళ్లు గోక్కున్నారు. సారు తానూ ఒకటి కప్పుకొని, "ఇగ చెప్పుర్రి, ఎవరికి గుచ్చుతాంది?" అన్నారు. ఏ పనైనా ముందు తాను చేసిన తర్వాతే ఇంకొకరికి చెప్పేవారు. సుద్దముక్క చెవి మీద పెట్టుకొని, మరిచిపోయి ఊరంతా తిరిగేవారు. శక్తులు దొంగిలించే దుర్మార్గుడి వేషానికి ఎవరూ ఒప్పుకోకపోతే అదీ ఆయనే వేశారు. పిల్లలు సారును కొట్టడానికి జంకితే, "తక్కువ మార్కులేసింది యాద్జేసుకొని కొట్టుర్రి, మంచిగొస్తది" అని నవ్వించారు.

కథ చివర మా బిడ్డ కూతకు ఆ దుర్మార్గుడు ప్రాణం విడిచి పడిపోవాలి. సారు పోయాక మాకు అదే పెద్ద గండమైంది. ఆ సినిమాను ఇప్పుడు ఎట్లా వేయడం? పిల్లలు సారు భార్యను అడగబోతే తోడుగా నేనూ వెళ్లాను.

"వేయుర్రి బిడ్డా, ఆయన కోరిక. నేను గూడ వస్త. గని ఆయన కింద పడుండేది నేను చూడలేను" అన్నారు మేడం.

మా బిడ్డ తల ఊపింది.

మొన్న బడి గదిలో కిటికీలకు గొంగళ్లు కట్టి, గోడ మీద సినిమా వేశారు. మా బిడ్డ కూత గోడ మీద నుంచి వినబడగానే ఒళ్లు పులకరించింది. అందరికీ తెలిసినా పక్కవాళ్లను తట్టి, మా బిడ్డ, మా బిడ్డ అని చెప్పుకున్నాను. అంతలోనే సారు పడిపోయారు. మేడం కళ్లు మూసుకున్నారు. పక్కవాళ్లను తడుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

పిల్లలు సినిమాను అక్కడితో ముగించలేదు. షూటింగ్ నాడు పాడైపోయిన ముక్కను అక్కడ అతికించారు. ఆనాడు సారు పడిన తీరు చూసి నిజంగానే ఏదో అయిందనుకొని, దూరాన మందతో ఉన్న నేను కట్టె పారేసి ఉరికాను. కాపరి ఉరికితే మంద నిలుస్తుందా? గొర్రెలన్నీ నా వెనకే వచ్చి సారును చుట్టుముట్టాయి. గోడ మీద నేను వాటి నడుమ వంగి, చెయ్యి పట్టి ఆయనను లేపుతున్నాను.

"నేను సచ్చిపోయిన గదా కాకా, ఎందుకు లేపుతున్నవ్?" అని సారు పడీపడీ నవ్వారు.

"ఇప్పుడు చూడుర్రి మేడం" అంది మా బిడ్డ.

మేడం కళ్లు తెరిచారు. గోడ మీద సారు నిలబడి, దుమ్ము దులుపుకుంటూ మా వైపే తిరిగి, ఇగ బందు చేయుర్రి అని చెయ్యి ఊపుతున్నారు. ఫోను పట్టుకున్న పిల్ల నవ్వుకు బొమ్మ ఊగిపోతోంది. ఎవరూ ఆపలేదు.