నా కొలతకు కట్టిన వంటగట్టు

రెండేళ్ల కిందట ఎల్లారెడ్డిలో మా వంటగది బాగు చేయించాను. గట్టు ఎంత ఎత్తు పెట్టాలని మేస్త్రీ అడిగితే, టీ కూడా కాచడం రాని ఆరడుగుల మనిషిని, నేనే నిలబడి నా నడుము దగ్గర గీత గీయించాను.

"వండేది వదిన గదా అన్నా, ఆమెను నిలబెట్టి చూద్దాం" అన్నాడు మేస్త్రీ.

"ఇల్లు నాది. అందకపోతే పీటెక్కి వండుతది" అని నవ్వాను. పక్కనే ఉన్న నా భార్య ఆ గీత దగ్గర నిలబడి తన ఎత్తు చూసుకుంది.

కామారెడ్డి నుంచి చుట్టాలు వచ్చిన రోజు పీట ఒరిగి, మరిగే పప్పుచారు ఆమె చేతి మీద పడింది. "సోయి లేదా నీకు?" అని అందరి ముందూ అరిచింది నేనే.

తర్వాత గట్టు ఎత్తు తగ్గించి కట్టించాను. మచ్చ గురించి ఎవరడిగినా ఆమె ఇప్పటికీ "నేనే సూసుకోలే" అంటుంది. అది అబద్ధం. ఆమెను పీట ఎక్కించిన బుద్ధిహీనుణ్ణి నేను.