ముందు ఓ మూల చూద్దాం

భీమారావుకు భయం. దేనికని అడక్కండి, దేనికి కాదో అడగండి; అదైనా ఆయన కాస్త ఆలోచించుకుని గానీ చెప్పడు. ఏ పని మొదలుపెట్టాలన్నా "ముందు ఓ మూల చూద్దాం" అంటాడు. పులుసును నాలుకకు తగిలించే ముందు చిటికెనవేలికి తగిలించుకుంటాడు. అత్తవారింటికి మొదటిసారి వచ్చినప్పుడు నులకమంచం మీద ముందు తన సంచీ పెట్టి, అది కింద పడలేదని నమ్మకం కుదిరాక కూర్చున్నాడని భార్య గంగాభవాని రాయపూర్‌లోని డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో కనిపించిన వాళ్ళందరికీ చెబుతుంది.

ఆమె తమ్ముడు సూరిబాబుకు మాత్రం భయమంటే ఏమిటో తెలియదు. రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో రంగులేసి రిటైరైన బావను ఊరి చివర ఉర్లాలో తన పెయింటింగ్ షెడ్డుకు తెచ్చుకున్నాడు. పనికి సాయమనేది పైకి చెప్పే మాట. ఆటపట్టించడానికి ఓ మనిషి దొరికాడన్నది అసలు సంగతి.

"బావా, మా అక్కకి తాళి కూడా ముందు ఓ మూల కట్టి సూసావేటి?"

"లేదురా. భయమేసి కళ్ళు మూసుకుని కట్టీసాను."

ఇలా నవ్వుకుంటూ ఉండగా షెడ్డులోకి ఎర్ర స్పోర్ట్స్ కారు వచ్చింది. రెండే సీట్లు. తిల్దాలో బియ్యం మిల్లున్న సేఠ్‌ది. ఎరుపు ఇంకా నిగనిగలాడుతోంది గానీ బంపర్లూ, తలుపుల పట్టీలూ, అద్దాల చుట్టూ ఉన్న నల్ల ప్లాస్టిక్ అంతా రాయపూర్ ఎండకూ, ఎవరు పడితే వాళ్ళు రుద్దిన పాలిష్‌లకూ బూడిద పూసినట్టు వెలిసిపోయింది. దాన్ని మళ్ళీ నల్లగా చేయాలి. చెడితే మార్చడానికి ఆ ముక్కలు దేశంలో ఎక్కడా దొరకవు. పైగా షెడ్డున్న స్థలం కూడా సేఠ్‌దే.

"శనివారం వస్తా. ఏక్ భీ దాగ్ లగా, తో షెడ్ ఖాలీ!" అని వేలు చూపించి వెళ్ళాడు సేఠ్. ఒక్క మరక కనిపించినా సూరిబాబు సామాను రోడ్డు మీదే.

భీమారావు చేతులు వెనక్కి కట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. "ముందు ఓ మూల చూద్దాంరా" అన్నాడు. తీరా ఆ కారుకున్న ఏ మూలను ముట్టుకోవడానికీ ధైర్యం చాలక, తన స్కూటరుకున్న నల్ల ప్లాస్టిక్ ముక్కలన్నీ ఊడదీశాడు. సబ్బుతో కడిగి ఆరబెట్టి, అవిసె నూనెలో కాస్త నల్లరంగు కలిపి రుద్దాడు. నూనె ఎక్కువై దుమ్మంతా అంటుకుంది. స్కూటరు బెల్లం పాకంలో పడ్డ కాకిలా తయారైంది.

"కారు బాగుచేస్తానని ఎళ్ళి ఉన్న స్కూటర్ ఖరాబ్ చేసీసినారు!" అని గంగాభవాని నెత్తి కొట్టుకుంది.

అలా స్కూటరును పణంగా పెట్టి ఆయన కిటుకు పట్టుకున్నాడు. గుడ్డను నూనెలో తడిపి గట్టిగా పిండాలి, పల్చగా రుద్దాలి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. ఆ తర్వాతే వణుకుతూ కారు మీద చెయ్యి వేశాడు. అరచేయంత మేర రుద్దడం, ఆగి చూడడం, దేవుణ్ణి తలుచుకోవడం. శనివారం మధ్యాహ్నానికి వెనక బంపరు ఒక్కటే మిగిలింది. ఆయన అన్నం తినడానికి ఇంటికి వెళ్ళాడు.

సూరిబాబుకు ఓపిక నశించింది. ఇనుముకు రంగులేసేవాళ్ళకు తెలిసిన మందు ఒక్కటే, రంగును కరిగించే థిన్నర్. ఇనుము మీద ఏ మురికున్నా దాంతో ఒక్క తుడుపు తుడిస్తే పోతుంది, ఇనుము అబ్బా అనదు. ఆ ధీమాతోనే గుడ్డ నిండా థిన్నర్ పోసి బంపరు మీద అదిమి రుద్దాడు. తెలుపు పోయింది. తెలుపుతోపాటు ప్లాస్టిక్ కూడా హల్వాలా మెత్తబడింది. చేయి తీస్తే నాలుగు వేళ్ళ గుర్తులూ అందులోనే ఉండిపోయాయి.

సూరిబాబు నోరెండిపోయింది. పారిపోదామంటే కాళ్ళు కదల్లేదు. షెడ్డు పోతుంది, దాంతో కూడూ పోతుంది. భయమంటే ఇదా అని అప్పుడు తెలిసింది. సరిగ్గా అప్పుడే భీమారావు నూనె డబ్బా పట్టుకుని లోపలికొచ్చాడు. బంపరు చూశాడు. బావమరిది ముఖం చూశాడు. గేటు దగ్గర సేఠ్ జీపు హారన్ మోగింది.

"ఇంకా మెత్తగానే ఉందేట్రా?" అని అడిగాడు భీమారావు.

సూరిబాబు తలూపాడు. మరుక్షణం భీమారావు, ఏ మూలా చూడకుండా, ఆ గుర్తుల మీద తన అరచేతిని మొత్తం ఆనించి గట్టిగా నొక్కేశాడు.

సేఠ్ వస్తూనే చూశాడు. "యే కిస్‌కా హాథ్ హై?" అని అరిచాడు. ఎవరిదా చెయ్యి?

"మేరా, సేఠ్‌జీ." నాదేనంటూ నల్లబడ్డ అరచేతిని చూపించాడు భీమారావు. మోకాళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. రెండో చేతిలోని నూనె డబ్బా మూత దానంతటదే మోగుతోంది.

సేఠ్ కారు చుట్టూ తిరిగాడు. మిగతా నలుపంతా కాటుక పెట్టినట్టుంది. వణుకుతున్న మనిషిని మరోసారి ఎగాదిగా చూశాడు. కోపం దిగి నవ్వొచ్చింది.

"ఇంతకుముందు దీన్ని ముట్టుకున్నవాళ్ళలో ఇలా భయపడ్డవాడు ఒక్కడూ లేడు. అందుకే దీనికి ఈ గతి పట్టింది," అన్నాడు హిందీలో. "ఆ మరక నువ్వే గీకి సరిచెయ్. షెడ్డు ఎక్కడికీ పోదు. కానీ భయం లేనివాడెవడూ నా బండి మీద చెయ్యి వేయకూడదు!"

సూరిబాబు రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకున్నాడు.

జీపు వెళ్ళిపోయాక నేల మీద కూలబడి అడిగాడు. "బావా, సేఠంటే నీకు భయం లేదేటి?"

"లేకపోవడమేటి? ఈ మోకాళ్ళు సూడు, ఇంకా ఆగలేదు."

"మరెందుకు పెట్టీసావు సెయ్యి?"

భీమారావు అరచేతి నలుపును గుడ్డకు తుడుచుకుంటూ అన్నాడు. "భయం నాకు అలవాటేరా. నీకు కొత్త కదేటి, తట్టుకోలేవని."