అక్క కుడిచెవి

మచ్చలు తగ్గించే ఆ జెల్లు ట్యూబు మూత తీస్తే సన్నగా ఉల్లిపాయ వాసన వస్తుంది. ఉల్లిపాయ సారంతోనే చేస్తారని మందుల షాపాయన చాలా గొప్పగా చెప్పాడు. నా హ్యాండుబ్యాగులో ఎప్పుడూ ఒక ట్యూబు ఉంటుంది, నా కోసం కాదు, మా కరుణక్క కోసం. నెల్లూరులో బస్సెక్కి, అల్లూరులో దిగి, ఆటోలో మా ఊరికి పోయే దారి పొడుగునా బ్యాగులోంచి ఆ వాసన వస్తూనే ఉంటుంది. ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది మాత్రం మా పెరట్లో నిమ్మచెట్టూ, దాని ముల్లూ. ఆ ముల్లుతో అక్క చెవి కుట్టింది నేనే.

మా ఊరికి ఒక పక్క వరిచేలు, ఒక పక్క సముద్రం, మధ్యలో అప్పుడప్పుడే తవ్వుతున్న రొయ్యల గుంటలు. కార్తీకంలో మొదలైన ముసురు క్రిస్మస్ దాకా వదిలేది కాదు. దండెం మీది బట్టలు ఆరక ముక్కవాసన కొట్టేవి. ఎండాకాలం జీడిమామిడి తోటల్లో రాలిన పండ్లు తిని, గొంతు పట్టేసి, మాట్లాడలేక ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళం. అమ్మ చేపల పులుసులో మామిడికాయ ముక్కలు వేసి, పొయ్యి మీంచి దించి, రేపటికి రుచి అని మూతపెట్టేది. ఆ రేపటి దాకా ఆగలేక నేనూ అక్కా గిన్నె అంచులు వేలితో తుడిచి నాకేవాళ్ళం. తొక్కుడుబిళ్ళలో అక్కను ఓడించినవాళ్ళు లేరు. ఓడిపోయేటట్టుంటే బిళ్ళ తీసుకెళ్ళి కాలవలో విసిరేసే రకం మా అక్క.

నాయన గుంటల మీద మేస్త్రీ. వారమంతా మోకాళ్ళ దాకా బురదతో తిరిగే మనిషి, ఆదివారం తెల్ల పంచె కట్టి, తెల్ల చొక్కా వేసుకుంటే చర్చిలో సంఘపెద్ద. మా సంఘంలో ఆడవాళ్ళు నగ పెట్టుకోకూడదు. గాజుల్లేవు, గొలుసుల్లేవు, ఆడపిల్లలకు చెవులు కుట్టించడం అసలే లేదు. ప్రార్థనలో కూర్చున్నంతసేపూ తల మీద ముసుగు ఉండాలి. పుట్టినప్పటి నుంచీ అంతే కాబట్టి నాకది ఒక లోటనిపించలేదు. అక్కకు అనిపించింది. బడిలో పక్కన కూర్చునే వసంత తల తిప్పినప్పుడల్లా బుట్టకమ్మలు ఊగేవి, అక్క చూపు పుస్తకం మీద నిలిచేది కాదు. పదమూడో ఏట ఆ వసంత దగ్గరే ఒక పాత కమ్మల జత అడిగి తెచ్చుకుని పౌడరు డబ్బాలో దాచింది.

క్రిస్మస్ ముందు అమ్మ, చుట్టుపక్కల ఆడవాళ్ళు మా ఇంట్లో అరిసెలు వండుతున్నారు. బెల్లం పాకం, నెయ్యి, తడిసిన కట్టెల పొగ కలిసి ఇల్లంతా కమ్మగా, కళ్ళు మండేటట్టు ఉంది. మమ్మల్ని పట్టించుకునే వాళ్ళు లేరు. అక్క నన్ను పెరట్లోకి లాక్కుపోయి, ఒక నిమ్మముల్లు విరిచి నా చేతిలో పెట్టింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

"గట్టిగా గుచ్చు మే, భయపడబాక," అంది.

గుచ్చాను. వంకరగా దిగింది. సగంలో భయపడి ఆపితే అక్క నా చెయ్యి పట్టుకుని మళ్ళీ తోసింది. రక్తం మెడ మీదకు కారింది. నేను ఏడుపు మొదలుపెట్టాను గాని అక్క ఏడవలేదు. రంధ్రంలో వేపపుల్ల దూర్చి, జడ ముందుకు వేసుకుని, చెయ్యి కడుక్కుని పోయి అరిసెలు తిన్నది. ఎడమ చెవి రేపు కుడదాం అంది. ఆ రేపు రాలేదు. పండగ అయిన నాలుగో రోజుకు చెవి వాచి చీము పట్టింది, జ్వరమొచ్చింది, ఇంట్లో తెలిసిపోయింది.

"ఎవురు చేసినారు?" అని అడిగాడు నాయన.

"నేనే గుచ్చుకున్నా నాయనా," అంది అక్క.

నేను తలుపు చాటున నిలబడి అరిసె నములుతున్నాను. అప్పుడు నోరు విప్పలేదు. ఆ తరువాత కూడా విప్పలేదు. నాయన పోయేదాకా ఆయనకు ఆ సంగతి తెలియదు.

ఆయన కొట్టలేదు. ఒక రోజంతా ఉపవాసం ఉన్నాడు, వసంతవాళ్ళ ఇంటికి పోయి కమ్మలు ఇచ్చేసి వచ్చాడు. వాపు తీసింది, చీము పోయింది, రంధ్రం పూడింది. పూడిన చోట మిరియమంత గట్టిగా ఏదో తగిలింది. ఎండలు ముదిరేసరికి అది శనగగింజంత అయింది, కార్తీకం ముసురుకు ఉసిరికాయంత. అమ్మ పసుపు, ఆముదం కలిపి పట్టీ వేసింది. ఎవరో చెప్పారని సున్నం పెడితే చర్మం పొక్కింది. సంఘంలో పెద్దలు తల మీద చేతులుంచి, నూనె రాసి ప్రార్థన చేశారు. అది పెరుగుతూనే ఉంది, దురద పెడుతూనే ఉంది.

చివరికి నెల్లూరు తీసుకెళ్ళారు. డాక్టరుగారు దాన్ని కెలాయిడ్ అంటారని చెప్పాడు. కొందరి ఒంట్లో గాయం మానడం ఎక్కడ ఆపాలో తెలియక మానుతూనే పోతుందట. కోసేశాడు. కోశాక అసలు సంగతి చెప్పాడు: కుట్లు తీసిన రోజు నుంచి, మరతో బిగించే కమ్మ ఒకటి చెవితమ్మెకు రాత్రీ పగలూ నెలల తరబడి బిగించి ఉంచాలి, ఆ ఒత్తిడి లేకపోతే గడ్డ మళ్ళీ వస్తుంది, వస్తే ముందుకంటే పెద్దదిగా వస్తుంది.

"కమ్మ గాకుండా ఇంకేదన్నా చెప్పండి సార్," అన్నాడు నాయన.

డాక్టరుగారికి అర్థం కాలేదు, అర్థమయ్యాక నవ్వొచ్చింది. నాయనకు నవ్వు రాలేదు. రేపు ఆదివారం సంఘపెద్ద కూతురు చెవికి కమ్మతో వచ్చి కూర్చుంటే, ఇంకో ఇంటి పిల్లను వద్దనే నోరు తనకెక్కడుంటుంది? బస్సులో తిరిగొస్తున్నంతసేపూ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

కుట్లు తీసిన సాయంత్రం అక్కను పిలిచి, మంచం దగ్గర కింద కూర్చోబెట్టుకుని, ఆ తమ్మెను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కాడు. "కమ్మ చేసే పనే గదా, నేను చేస్తా," అన్నాడు.

రోజూ అంతే. గుంటల మీంచి రావడం, సబ్బు పెట్టి మోచేతుల దాకా రుద్దుకోవడం, మంచం మీద కూర్చోవడం. ఎంత రుద్దినా ఆ వేళ్ళు రొయ్యల మేత కంపు కొట్టేవి. అక్క ఆయన మోకాలికి తల ఆనించి లెక్కలు చేసుకునేది, ఆయన పాటల పుస్తకం లేకుండానే సన్నగా పాడుకుంటూ నొక్కేవాడు, వేళ్ళు తిమ్మిరెక్కితే చెయ్యి మార్చేవాడు. ఆయన అన్నం తినేటప్పుడు అమ్మ నొక్కేది. అమ్మకు పనుంటే నేను. నా వంతు వచ్చినప్పుడు అక్క మొహం వైపు చూడలేకపోయేదాన్ని. మా నాయన మొండివాడే, కాని పిల్లల్ని అంత ప్రేమగా చూసుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ రెండూ ఒక మనిషిలోనే ఉండటం మా అక్క ఖర్మ.

బడి ఉన్నంతసేపూ నొక్కేవాళ్ళు లేరు. నిద్రలో వేళ్ళు జారిపోయేవి. ఆ ఎండాకాలం జీడిమామిడి పండ్లు రాలే రోజులకు అది మళ్ళీ వచ్చింది, డాక్టరుగారు చెప్పినట్టే, ఈసారి రెండు ఉసిరికాయలంత. తమ్మె కిందకు సాగిపోయింది. నాయన ఇంకో నెల నొక్కాడు, ఆ తరువాత ఒక సాయంత్రం చేతులు కడుక్కుని వచ్చి మంచం మీద ఊరికే కూర్చున్నాడు. అక్క కూడా పుస్తకం పట్టుకుని అవతలి గదిలోకి పోయింది.

అక్క తొక్కుడుబిళ్ళ మానేసింది, గెంతితే జడ పక్కకు పోతుందని. తొమ్మిదో తరగతి తరువాత బడి మానేసింది. ప్రార్థన మాత్రం ఒక్కటి మానలేదు. ఆదివారాలే కాదు, ఉపవాస కూడికలు, ఆడవాళ్ళ కూడికలు, ఎవరింట్లో ఏది జరిగినా అందరికంటే ముందు పోయి కూర్చునేది. ఊళ్ళో అక్క భక్తిని మెచ్చుకోని వాళ్ళు లేరు. "బిడ్డ మారింది," అని నాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మారలేదు. అక్కడ అందరి తలల మీదా ముసుగు ఉంటుంది, ఎవరి చెవులూ కనపడవు. అక్క పాడేది, నవ్వేది, పక్కవాళ్ళతో గుసగుసలాడేది, అచ్చం ముందటి మనిషిలాగే. ప్రార్థన అయి ముసుగు తీయగానే చెయ్యి చెవి మీదకు పోయేది.

పెళ్ళిచూపులకు ఇద్దరు ముగ్గురు వచ్చారు, చెవి చూశారు, పోయారు. అక్క ఇంట్లోనే బట్టలు కుట్టుకుంటూ ఉండిపోయింది. నేను చదువుకుని, నెల్లూరులో ఉద్యోగం తెచ్చుకుని, మొదటి నెల నుంచీ మందులు మోయడం మొదలుపెట్టాను. గడ్డలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించాను. వేసిన ప్రతిసారీ అక్క నా చెయ్యి విరిచేసేంత గట్టిగా పట్టుకునేది. గడ్డ కొంచెం మెత్తబడి, చుట్టూ తెల్లమచ్చ పడి, ఇంజెక్షన్లు ఆపగానే మళ్ళీ లేచింది. చల్లటి గ్యాసుతో కాల్పించాను. సిలికాన్ పట్టీలు అంటించాను, మా ఉక్కకు చెమట పట్టి ఊడిపోయాయి. లేజరు మచ్చ ఎరుపు తగ్గించింది, గడ్డను కాదు. పోయిన నెల కొత్త డాక్టరమ్మ ఏదీ దాచకుండా చెప్పింది. మళ్ళీ కోసి, వెంటనే రేడియేషన్ ఇచ్చి, ఒత్తిడి క్లిప్పు పెట్టొచ్చట. అయినా ఇన్నేళ్ళది, ఇన్నిసార్లు కెలికింది, మళ్ళీ రాదని మాటివ్వలేనంది.

బయటికొచ్చాక అక్క అంది: "ఇంక ఏం తేబాక పాపా. ఇన్నాళ్ళూ నీ మనసు కోసరం పూయించుకున్నా. నాకు తెలుసు ఇది పోదని."

నేను చెవి పట్టుకుని ఏడ్చాను, నాదో అక్కదో గుర్తు లేదు.

నాయన పోయి నాలుగేళ్ళయింది. సంఘంలో ఆ నియమం ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేరు. ఎవరూ ప్రకటించలేదు, తీర్మానం చేయలేదు. ముందు ఒక కొత్త కోడలు చిన్న దిద్దులతో వచ్చింది, ఎవరూ ఏమనలేదు. తరువాత పిల్లలంతా. ఇప్పుడు ముందు వరసల్లో బుట్టకమ్మలు ఊగుతుంటాయి, అవి కనపడాలని కాబోలు ముసుగులు భుజాల మీదకు జారాయి. వాళ్ళను చూస్తే ముద్దొస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది, ఏం చేయను.

పోయిన ఆదివారం అక్కను రమ్మన్నాను. కుట్టుమిషను ముందు నుంచి లేవలేదు.

"అందురూ కప్పుకున్నప్పుడు నేను కనపడేదాన్ని కాదు," అంది. "ఇప్పుడు నేనొక్కదాన్నే కప్పుకుంటే అందురూ నన్నే చూస్తుండారు. నువ్వు పోయిరా."

ఒక్కదాన్నే పోయాను. ఆరాధన అయ్యాక కొత్తగా వచ్చిన పాస్టరుగారు గుమ్మం దగ్గర ఆపి, చాలా మర్యాదగా అడిగారు: "మీ అక్కగారు ఈ మధ్య రావడం మానేశారు. విశ్వాసంలో చల్లబడినట్టున్నారు, మీరన్నా కొంచెం మందలించండమ్మా."

సరేనండీ, చెప్తాను అన్నాను.