చెవులున్న పువ్వులు

పువ్వులకు చెవులుంటాయని, పగలంతా అవి నిద్రపోతాయని చెప్పే మనిషి సూరత్ మొత్తానికి ఒక్కడే. ఆయన మా గోడాదరాలోనే, మా బిల్డింగులోనే ఉన్నాడు. పేరు మొండయ్య. ఆయన చెప్పుకుంటే చెప్పుకున్నాడు, నాకేం? బిల్డింగంతా ఆ మాట పాటించాలంటాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మొండయ్య మామ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసి నేసి ముసలివాడై, ఇప్పుడు డాబా మీద కోన్‌ఫ్లవర్లు పెంచుతున్నాడు. గులాబీ రెక్కలు కిందికి వాలి, నడుమ ముళ్ల బుడిపె పైకి లేచి, ఆ పువ్వు ఎప్పుడూ ఎవరిమీదో అలిగినట్టే ఉంటుంది. విత్తనాలకు చలి తగలాలని తడిగుడ్డలో మూటకట్టి ఫ్రిజ్‌లో పెడితే, ఆయన భార్య పోశమ్మ అత్త పెసర మొలకలనుకుని పోపు పెట్టబోయింది. దారం అయిపోయిన అట్టకోన్లలో మట్టి నింపి నారు పోశాడు. వేరు కుళ్లుతుందని వానాకాలం కుండీలకు పాలిథిన్ పందిరి వేశాడు. వాలిన కాడను పుల్లకు కట్టాలన్నా తెగిన పోగును అతికే ముడే వేస్తాడు.

ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు. చెవుల సంగతే భరించలేకపోయాను.

పక్కింటి లత మిరపకాయలు దంచుకుందామని రోలు పైకి మోసుకొస్తే మెట్ల మీదే ఆపేశాడు. "పువ్వులు పండుకున్నయ్ బిడ్డా. పొద్దుగూకినంక దంచుకో." పిల్లల క్రికెట్ బంతి ఆయన లుంగీ మడతలోకి పోయింది. డాబా ఎక్కాలంటే చెప్పులు చేతిలో పట్టుకోవాలి. విచిత్రమేమిటంటే, ఖాతాకు, అంటే మేం నేసే కార్ఖానాకు, సెలవుండి సాంచాలు ఆగిన రోజు ఈ పువ్వులకు చెవుడు వచ్చేది. ఆ రోజు డాబా మీద డీజే పెట్టినా మామ నోరెత్తేవాడు కాదు. ఇంతకన్నా పచ్చి మోసం ఉంటుందా?

నేను రాత్రి పాళీ మనిషిని. డాబా కిందే నా గది. రాత్రంతా సాంచాల మోత విని చెవుల్లో ఈగలు ముసిరినట్టు తెల్లారి ఇల్లు చేరతాను. మా చెవులు ఏమవుతున్నాయని ఏ సేఠూ అడగలేదు. మనిషికి లేని మర్యాద మొక్కకా? నేను బడి మధ్యలో మానేసినా పుస్తకం మానలేదు. అబద్ధం కనిపిస్తే ఊరుకోలేను. ఒకరోజు నిలదీశాను.

"ఏ పుస్తకంల రాసున్నది మామా, పువ్వులు పగటీలి పండుకుంటయని?"

"పుస్తకాలు రాసేటోళ్లు రాత్రి పండుకుంటరు. వాళ్లకేమెరుక?"

ఆ జవాబు నన్ను నిలవనీయలేదు. పాత పుస్తకాల బండి మీద తోటపని పుస్తకం వెతికి కొన్నాను. బిల్డింగు వాళ్లందరినీ డాబా మీదికి పిలిచి కోన్‌ఫ్లవర్ పాఠం చదివి వినిపించాను. ఎండకు ఓర్చుకుంటుంది, నీళ్లు తక్కువైనా బతుకుతుంది, వాడిన పువ్వు కోస్తే కొత్త మొగ్గ వేస్తుంది. చప్పుడు అన్న మాట ఎక్కడా లేదు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. మామ నావైపు ఒకసారి చూసి, వాడిన పువ్వులు కోసుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున నేను కన్ను మూశానో లేదో, నెత్తి మీద రోకలి పడింది. మిరపకాయలయ్యాక పసుపు, పసుపయ్యాక పిల్లల బ్యాటు, ఆపైన ఎవరిదో మంచం ఈడ్చిన చప్పుడు. మూడో రాత్రి సాంచా ముందు నిలబడే కునుకు తీశాను. బట్ట పాడైంది. ఇంకోసారి ఇలా జరిగితే వేరే ఖాతా చూసుకొమ్మన్నాడు సేఠు. నా భయం బట్ట గురించి కాదు. నడిచే సాంచా దగ్గర తూగేవాడి చెయ్యి ఏమవుతుందో అందరికీ తెలుసు.

తెల్లారి ఇంటికొచ్చి, లతతో తగువు పెట్టుకుందామని ఎర్రకళ్లతో డాబా ఎక్కుతుంటే, పోశమ్మ అత్త మెట్ల మీద అడ్డంగా కూర్చుంది.

"ఎవలి మీదికి పోతున్నవ్ ఉమాకాంతూ? నువ్వే గదా సదివి మరీ ఇనిపిస్తివి."

"నిద్ర లేదత్తా."

"గా సంగతి మీ మామకు ముందే ఎరుక. నువ్వొచ్చిన యాడాది సాంచ మీద తూగితివి, ఏలు పోవుడు జర్రల తప్పె. గప్పటి సందే పువ్వులకు చెవులు మొలిచినయ్."

నాకు సిగ్గు కన్నా ముందు కోపమే వచ్చింది. నేరుగా డాబా మీద మామ దగ్గరికి పోయి, ఆ ముక్క నాకెందుకు చెప్పలేదని అడిగాను. లత రోకలి చప్పుడులో మా మాటలు మాకే సరిగ్గా వినపడలేదు.

"మనిషి పండుకున్నడంటే ఎవలింటర్రా?" అన్నాడు మామ, కాడకు ముడి వేస్తూ. "అందరి ఇండ్లల్ల ఉంటరు పండుకునేటోళ్లు. పువ్వులంటే, ముసలోనికి పిచ్చిలేసిందని ఊకుంటరు."

నేను కిందికి దిగి పుస్తకం తెచ్చాను. అందరూ వినేట్టు చెప్పాను, ఇంకో పేజీ ఉందని, అప్పుడు చూసుకోలేదని, పగలు చప్పుడైతే మొగ్గ రాలిపోతుందని.

లత రోకలి ఆపింది. "గట్ల రాసిండ్రా?"

"రాసిండ్రు వదినా."

ఆమె గొణుక్కుంటూ రోలెత్తింది. మామ తల పైకెత్తలేదు.

"గంత సదివేటోనివి, గా పేజీ ముందుగాల సదవకపోతివి" అన్నాడు.

ఆయన మీద నాకింకా కోపమే. ఒక మాటైనా చెప్పకుండా మనిషికి ఇంత మేలు చేయడం ఏం పద్ధతి? లేవగానే గట్టిగా అడిగేద్దామని నడుం వాల్చాను. లేచేసరికి మళ్లీ పాళీకి పోయే వేళయింది.