మెల్లగా కొడితే

మా బావ ఒడిశాలో కకిరిగుమ్మ దగ్గరి బడిలో లెక్కలు చెప్పేవాడు. పిల్లల మీద చెయ్యి వేయకూడదని ఉత్తర్వు వచ్చాక బెత్తం వదిలేశాడు. దాని బదులు మా చిన్నప్పటి పద్ధతి ఒకటి పట్టుకున్నాడు. ఎక్కం చెప్పలేనివాళ్లు వరసగా నిలబడాలి. చెప్పినవాళ్లు వాళ్ల ముక్కు పట్టుకుని చెంప వాయించాలి. రాయగడలో మా ఇంటికి వచ్చినప్పుడు ఈ సంగతి నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. అప్పటికి పాతికేళ్లుగా విలేకరిని. అందులో వార్త ఉందని తోచలేదు.

ఒక వానాకాలం ఐదో తరగతి పిల్ల ఒకతె అలాగే తన స్నేహితురాలి చెంప మీద కొట్టింది. ఇద్దరూ రైల్వే పనివాళ్ల పిల్లలు, పక్కపక్క ఇళ్లవాళ్లు. దెబ్బ చెవి మీద పడింది. కోరాపుట్ ఆస్పత్రిలో చూసి కర్ణభేరి చిరిగిందన్నారు. ఆ చెవి ఇక సరిగా వినిపించదన్నారు.

మర్నాడు పొద్దున్నే అక్కా బావా మా గుమ్మంలో ఉన్నారు. బావ చెప్పులు కూడా విప్పలేదు.

"నీ బావ ఉజ్జోగం పోతాదిరా తమ్ముడూ," అంది అక్క. "పిల్లలూ పిల్లలూ కొట్టుకున్నారని రాయి. అందులో అబద్ధమేటుంది?"

"నాను సెయ్యెత్తినానేటి?" అన్నాడు బావ.

నాలుగు వాక్యాలు రాశాను. తరగతి గదిలో ఇద్దరు విద్యార్థినుల ఘర్షణ, ఒకరికి గాయం. ఉపాధ్యాయుడి ప్రస్తావన లేదు. ప్రతి మాటా నిజమేనని వాదించగలను, ఒక్క 'ఘర్షణ' తప్ప. వాళ్లిద్దరి మధ్యా ఏ గొడవా లేదని నాకు తెలుసు.

ఆ వార్త చూశాక రైల్వే క్వార్టర్లలో కొట్టిన పిల్ల తల్లితో మాట్లాడేవాళ్లు లేకపోయారు. కుళాయి దగ్గర ఆమె బిందెను వరసలోంచి తీసి పక్కన పెట్టేవారట. ఈ మాట మా పత్రికలో వార్తలు కంపోజ్ చేసేవాడే నాకు చెప్పాడు. ఆ వార్త ఎవరి రాతో అతనికి తెలుసు.

అయినా దెబ్బ తరగతిలో తగిలింది కనక బావను సస్పెండ్ చేసి విచారణ వేశారు. బడి వరండాలో, కిటికీ పక్కన నిలబడి నేను విన్నాను. బావ నా వార్తను కత్తిరించి అధికారి బల్ల మీద పెట్టాడు. కొట్టిన పిల్లను పిలిచి అధికారి ఒడియాలో అడుగుతుంటే హెడ్మాస్టరు తెలుగులో అందిస్తున్నాడు.

"ఎవరు కొట్టేరమ్మీ?"

"నానే."

బావ ఊపిరి వదలడం నాకు కనిపించింది. అధికారి కాగితం మీద ఏదో రాసుకుని ఇంకో ప్రశ్న వేశాడు. స్నేహితురాలే కదా, అంత గట్టిగా ఎందుకు కొట్టావని.

"మెల్లగా కొడితే ఎలగ కొట్టాలో సారు సూపిస్తారు," అంది పిల్ల. చెబుతూనే తన చెంపను అరచేత్తో కప్పుకుంది.

హెడ్మాస్టరు ఆ ముక్క ఒడియాలో చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఏడాది తిరక్కుండానే బావను ఉద్యోగం నుంచి తొలగించారు. ఆ పిల్ల అంతకుముందే బడి మానేసింది. నేను సవరణ రాయలేదు. ఎవరూ అడగలేదు కూడా.

బావ ఇప్పుడు రాయగడలో ఇంట్లోనే ట్యూషన్లు చెబుతున్నాడు. మొదటి రోజు ఒక తండ్రి కూతుర్ని దిగబెట్టడానికి వచ్చి, చదవకపోతే రెండు తగిలించండి సారూ, మేమేం అనుకోం అన్నాడు. అప్పుడు నేను అక్కడే కూర్చుని ఉన్నాను. బావ నా వైపు చూడలేదు. తన ఎదురుగా కూర్చోబోతున్న ఆ పిల్లను లేపి, చెయ్యి అందనంత దూరంగా గోడవారన కూర్చోమన్నాడు.